బల్ల కింది బరోడా

నవాగామ్‌లోని ఆ గల్లీలో నెట్ ఆగిపోతే జనం కంపెనీని తిట్టరు, సర్కారును తిట్టరు, రవీంద్రను తిడతారు. మరాఠీవాళ్లు మరాఠీలో, ఒడియావాళ్లు ఒడియాలో, సిరిసిల్ల వైపు నుంచి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి వచ్చి సూరత్‌లోనే పాతుకుపోయిన మనవాళ్లు చక్కటి తెలుగులో తిడతారు. రెండు వందల పైచిలుకు ఇళ్లకు వైర్లు లాగి గల్లీకంతటికీ నెట్ పంచేవాడు అతనే. 'రవీంద్ర నెట్' అంటే దిండోలి దాకా తెలియనివాళ్లు లేరు.

ఆ పేరులో సగం అబద్ధం. మేడలెక్కేది, స్తంభాలు పట్టుకుని వేలాడేది, వైరు లాగేది రవీంద్రే, కాదనడానికి లేదు. కానీ ఏ వైరు ఏ ఇంటికి పోతుందో, ఏ సెట్టింగు మారిస్తే ఏమవుతుందో తెలిసిన బుర్ర మాత్రం అతని చెల్లెలు సింధూజది. ఇరవై ఏళ్లు నిండని పిల్ల. వంటగదికీ పడకకూ మధ్య ఉన్న కాస్త జాగాలో ఒక బల్ల, బల్ల కింద ఒక పాత కంప్యూటరు, గోడకు ఆకుపచ్చ దీపాలు మిణుకుమనే పెద్ద రౌటరు డబ్బా. అదే ఆఫీసు. వీడియోలు చూసి చూసి తనంతట తానే నేర్చుకుంది. ఎవరింట్లో నెట్ ఆగినా రవీంద్ర మేడ మీద నుంచి ఫోన్ చేసి "చెల్లె, జర చూడు" అంటాడు. ఈమె చూసి చెబుతుంది, అతను బాగుచేస్తాడు, పేరు అతనికొస్తుంది. సింధూజకు దాని మీద చిన్నమెత్తు ఉక్రోషం కూడా లేదు. అన్న పేరు వేరు, తన పేరు వేరు అని ఆమె ఎన్నడూ అనుకోలేదు. అనుకుని ఉంటే బాగుండేది.

పోయిన వానాకాలం పక్కనున్న ఖాడీ వాగు పొంగి మూడు రోజులు లైను పడిపోయింది. జనం ఒకరి తర్వాత ఒకరు మెట్లెక్కి వచ్చి తలుపు బాదడం మొదలుపెట్టారు. లోపల తండ్రి ముత్యం పడుకుని ఉన్నాడు. పదిహేను రోజులు పగటి షిఫ్టు, పదిహేను రోజులు రాత్రి షిఫ్టు చేసే సాంచాల మనిషి ఆయన. రాత్రి షిఫ్టు రోజుల్లో పగలంతా తెర వెనక నిద్రపోతాడు. ఆ పదిహేను రోజులూ ఆ ఇంట్లో గుసగుసలే తప్ప మాటలుండవు. బాపు నిద్ర చెడుతోందని సింధూజ ఒక ఉపాయం చేసింది. ఎవరు ఏ సైటు తెరవబోయినా పెద్ద డబ్బా వాళ్లను అక్కడికి పంపకుండా బల్ల కింది కంప్యూటరు దగ్గరికి పంపుతుంది. అందులో ఒకే ఒక్క పేజీ ఉంటుంది: లైను బాగుచేస్తున్నాం, దయచేసి తలుపు కొట్టవద్దు. నాలుగు భాషల్లో రాసింది. తలుపు చప్పుడు ఆగిపోయింది. రవీంద్ర మురిసిపోయాడు.

"ఎట్ల జేసినవే? నాకు గూడ జర చూపియ్యి," అన్నాడు.

చూపించింది. అన్ని సైట్లకూ ఇలా చేయొచ్చు, కావాలంటే ఒక్క సైటుకే చేయొచ్చు అని కూడా చెప్పింది. ఒకసారికి అర్థం కాలేదంటే రెండోసారి చూపించింది. అతను నోటుబుక్కు తెచ్చి రాసుకున్నాడు. బడికి పోయే రోజుల్లో కూడా అంత శ్రద్ధగా ఏదీ రాసుకున్నవాడు కాదు.

ఇక బరోడా సంగతి. అక్కడి ఒక విద్యాసంస్థలో నెట్‌వర్క్ చదువుంది. మూడేళ్ల డిప్లొమా, హాస్టలుతో సహా, నలభై సీట్లు. ఆ చదువుంటే సూరత్ పక్కనున్న హజీరా ఫ్యాక్టరీల్లోనైనా ఇంకెక్కడైనా నెట్‌వర్కులు చూసుకునే కొలువు దొరుకుతుంది. సింధూజ రెండేళ్లుగా దాని మీదే ప్రాణం పెట్టుకుంది. సూరత్‌లో కాలేజీలు లేవా అని తల్లి రాజమ్మ సణిగింది. ముత్యం మాత్రం ఒకరోజు కార్ఖానాకు నాగా పెట్టి, పొద్దున రైలుబండికి బిడ్డను తీసుకుని పరీక్షకు వెళ్లాడు. బిడ్డ లోపల పరీక్ష రాస్తుంటే ఆయన వరండాలో తిరుగుతూ అద్దాల్లోంచి కంప్యూటర్ల గదిని చూశాడట. 

"గా మిషిన్లకు దుమ్ము లేదు బిడ్డా," అన్నాడు తిరుగు బండిలో, ఉధ్నా స్టేషను దగ్గర పడుతుండగా. "చప్పుడు గూడ లేదు. నువ్వు గసొంటి కాడ కూసోవాలె."

జూన్ పన్నెండున ఫలితాలొచ్చాయి. మధ్యాహ్నం రవీంద్రే పిలిచాడు, బరోడా లిస్టు పెట్టారంట చూసుకో అన్నాడు. సింధూజ బల్ల ముందు కూర్చుని లిస్టు తెరిచింది. నలభై పేర్లు పైనుంచి కిందికి చదివింది, కిందినుంచి పైకి చదివింది. వెయిటింగ్ లిస్టు కూడా వేలు పెట్టి చదివింది. తన పేరు లేదు.  రవీంద్ర వెనకనే నిలబడి ఉన్నాడు. తల మీద చెయ్యి వేసి, జేబురుమాలు తీసి తనే ఆమె కళ్లు తుడిచాడు.

"పోనియ్యి చెల్లె. వాళ్లకు నసీబు లేదు, నీకు గాదు," అన్నాడు.

ఆ సాయంత్రం బండి మీద తీసుకెళ్లి వేడి వేడి లోచో, సూరత్‌వాళ్ల శనగపిండి ఫలహారం, తినిపించాడు. తను మాత్రం ముట్టుకోలేదు, ఆకలి లేదన్నాడు. ఇలాంటి అన్న ఎవరికుంటాడని సింధూజకు ఆ ఏడుపులోనే ఒక నిబ్బరం కలిగింది. ఇంట్లో ఊరికే కూర్చుంటే మనసు పాడవుతుందని జూలైలో ఉధ్నాలో మూడు నెలల కంప్యూటర్ క్లాసులో చేర్పించింది కూడా అతనే. ఫీజు కట్టి, మొదటిరోజు బండి మీద దింపి వచ్చాడు.

ఆ క్లాసులో పాఠం చెప్పేది చాందిని మేడం. రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన విజయవాడ వైపు మనిషి. నలుగురికీ అర్థమవ్వాలని హిందీలో చెబుతుంది గానీ, సింధూజ పక్కకు వచ్చినప్పుడు తెలుగులోకి దిగుతుంది. మూడో వారంలో ఒకరోజు బోర్డు మీద నాలుగు వరుసల ప్రోగ్రాం రాసింది.

"పేర్లు మన కోసం సింధూజా. మెషీన్లకు పేర్లతో పని లేదు, వాటికి నంబరు కావాలి. మనం సైటు పేరు కొట్టిన ప్రతిసారీ మన కంప్యూటరు ఆ పేరుకు నంబరేమిటో అడిగి తెలుసుకుని అప్పుడు బయల్దేరుతుంది. మనకు తెలియకుండా జరిగిపోయే ఆ పనినే ఇవాళ మనం చేతులారా చేద్దాం."

నాలుగు వరుసలంటే నాలుగే. మొదటిదానిలో నెట్‌తో మాట్లాడే సరంజామాను పిలవాలి. రెండోదానిలో సైటు పేరు రాయాలి. మూడోదానిలో ఆ పేరుకు నంబరు అడగాలి. నాలుగోదానిలో వచ్చిన నంబరును తెర మీద చూపించమనాలి. డబ్బాల సెట్టింగులన్నీ కొట్టినపిండే గానీ సింధూజ అంతకుముందు ఒక్క వరుస ప్రోగ్రాం కూడా రాసిన మనిషి కాదు. తను రాసింది అక్షరం తప్పు లేకుండా నడిచి, తెర మీద నంబరు కనిపించేసరికి చిన్నపిల్లలా సంబరపడింది. రైళ్ల సైటు, వార్తల సైటు, పాటల సైటు అడిగింది. ఆఖరికి పుండు గోక్కున్నట్టు బరోడా కాలేజీ సైటు పేరు కొట్టింది. నూట మూడుతో మొదలయ్యే నంబరు వచ్చింది. అన్నిటినీ పుస్తకంలో రాసుకుంది.

"రేపు ఇంటి దగ్గర ఇదే నడిపి మళ్లీ నంబర్లు రాసుకు రండి," అంది మేడం. "పెద్ద సైట్లకు బోలెడు నంబర్లుంటాయి, ఇక్కడొకటి, అక్కడొకటి వస్తే కంగారుపడకండి. చిన్న సైట్లకు మాత్రం ఎక్కడ అడిగినా ఒకటే రావాలి."

మర్నాడు పొద్దున పది దాటాక సింధూజ బల్ల ముందు కూర్చుంది. తెర వెనక ముత్యం గురక పెడుతున్నాడు. గడప దగ్గర రాజమ్మ చీరల మూట విప్పుకుని, కుట్టుపువ్వుల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తోంది. రవీంద్ర ఎక్కడో స్తంభం మీద ఉన్నాడు. పైన ఆషాఢపు వాన ఆగి ఆగి కురుస్తోంది.

రైళ్ల సైటు నంబరు నిన్నటిదే వచ్చింది. పాటల సైటుకు వేరే నంబరు వచ్చింది, పెద్ద సైటు కదా అనుకుంది. మిగతావన్నీ అయ్యాక బరోడా కాలేజీ పేరు కొట్టింది. నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, ఒకటి, ఐదు అని వచ్చింది.

పేరు తప్పు కొట్టాననుకుని మళ్లీ కొట్టింది. అదే వచ్చింది. మూడోసారి ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ కొట్టింది. అదే.

ఇంకెవరైనా అయితే ఇదేదో ఇంకో నంబరు అనుకుని రాసుకుని లేచిపోయేవారు. సింధూజ లేవలేకపోయింది. నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిదితో మొదలయ్యేవి ఇంటి లోపలి నంబర్లని ఆమెకు తెలుసు. ఏ ఇంటివి ఆ ఇంట్లోనే ఉంటాయి, గడప దాటి బయటికి పోవు. ఈ ఇంట్లో ఒకటో నంబరు గోడ మీది పెద్ద డబ్బాది. ఐదో నంబరు బల్ల కింది కంప్యూటరుది. ఆ ఐదు దానికిచ్చింది తనే. ఆ లెక్కన బరోడా కాలేజీ బరోడాలో లేదు. ఆమె మోకాళ్ల దగ్గర, బల్ల కింద ఉంది.

నిరుటి వానాకాలపు సెట్టింగు మిగిలిపోయిందేమోనని ఆ సైటు తెరిచి చూసింది. అదే అయితే తలుపు కొట్టవద్దనే పేజీ రావాలి. రాలేదు. కాలేజీ బొమ్మ, కాలేజీ రంగులు, కింద జూన్ పన్నెండు నాటి లిస్టు వచ్చాయి. నలభై పేర్లు, తను లేకుండా.

ఎవరో దొంగలు తమ డబ్బాలోకి చొరబడ్డారనుకుంది. నమ్ముతారో లేదో, ఆ క్షణంలో ఆమెకు అన్న మీదికి ఆలోచనే పోలేదు. పైగా అన్నకే ఫోన్ చేసింది, ఎవరో మన డబ్బాను పాడుచేశారు తొందరగా రమ్మని చెప్పడానికి. స్తంభం మీద ఉన్నాడేమో, ఫోన్ ఎత్తలేదు.

అసలు లిస్టు చూడాలంటే ఈ గల్లీ నెట్ పనికిరాదు. ఇంట్లో ఊరికే వచ్చే నెట్ ఉందని సింధూజ తన ఫోన్‌లో మాటలకు తప్ప నెట్‌కు రీఛార్జ్ చేయించుకోదు. గల్లీ మొత్తం మీద రవీంద్ర నెట్ పెట్టించుకోని మనిషి ఒక్కతే, పక్క మేడలో చీరలకు లేసు కుట్టే సారక్క. వైరు లాగేటప్పుడు తన తులసికుండీ పగలగొట్టాడని రెండేళ్లుగా రవీంద్రతో మాటల్లేవు. ఆమె ఫోన్‌కు సొంత నెట్ ఉంది. సింధూజ తడుస్తూ అక్కడికి పరుగెత్తింది.

"ఏంది, మీ అన్న నెట్ బంద్ అయిందా? నా గడప తొక్కినవ్," అంది సారక్క, ఫోన్ చేతికిస్తూ.

కాలేజీ సైటు తెరుచుకుంది. ఒకటి, రెండు, మూడు. పదకొండో వరుసలో గుండేటి సింధూజ ముత్యం అని ఉంది. ఇంటిపేరు, తన పేరు, ఆ పక్కనే తండ్రి పేరు, గుజరాత్‌లో రాసే పద్ధతిలో. పదకొండో ర్యాంకు. వెయిటింగ్ కాదు, అరకొర కాదు, నలభై మందిలో పదకొండు. లిస్టు కింద ఎర్ర అక్షరాల్లో, సీటు వచ్చినవారు జూన్ ఇరవై ఐదులోగా చేరాలని ఉంది. ఈరోజు జూలై ఇరవై ఏడు.

"ఏమైందే? మొహం గట్ల సున్నం లెక్క అయింది," అంది సారక్క.

"ఏం గాలె," అంది సింధూజ. ఆఫీసు నంబరు అరచేతి మీద రాసుకుని, ఫోన్ తిరిగిచ్చి వచ్చేసింది.

ఇంటికొచ్చి బల్ల కింది కంప్యూటరులో వెతికింది. ఎక్కువ వెతకాల్సిన పని లేకపోయింది. తన పాత పేజీ పక్కనే కొత్త ఫోల్డరు ఉంది. అందులో లిస్టు మూడుసార్లు దాచి ఉంది. పెద్ద డబ్బాకు, ఈ కంప్యూటరుకు పాస్‌వర్డు తెలిసినవాళ్లు ప్రపంచంలో ఇద్దరే. ఇక దొంగ ఎవరని అడగడానికి ఏముంది.

మొదటి లిస్టు జూన్ పన్నెండు, పొద్దున పది యాభైకి దాచినట్టు ఉంది. అందులో సింధూజ పేరున్న వరుసను తీసేసి ఊరుకున్నాడు రవీంద్ర. పదో ర్యాంకు తర్వాత పన్నెండో ర్యాంకు వచ్చింది. అది చూసి నాలుక కరుచుకున్నట్టున్నాడు, రెండో లిస్టులో అంకెలన్నీ దిద్దాడు. దిద్దేసరికి ముప్పై తొమ్మిదికే ఆగింది. మూడో లిస్టులో వెయిటింగ్ నుంచి మొదటి పేరును పైకి తెచ్చి నలభై నింపాడు, వెయిటింగ్ లిస్టులో అంకెలు కూడా ఒకటొకటి జరిపాడు. అది దాచింది పన్నెండూ ఐదుకు. చెల్లెల్ని పిలిచింది పన్నెండూ పదికి. ఏ పనీ శుభ్రంగా ముగించడం రానివాడు, బిగించిన ప్రతి డబ్బాకూ ఒక మర వదిలేసేవాడు, చెల్లెలి పేరు తుడిచే పని మాత్రం గంటా పావు కూర్చుని మచ్చ లేకుండా చేశాడు.

ఆ గంటా పావు సేపూ తనెక్కడుంది? గుర్తొచ్చింది. వంటగదిలో అతనికే జొన్నరొట్టెలు చేస్తోంది. నాలుగడుగుల దూరంలో. రొట్టె కాలిందా అని మధ్యలో ఒకసారి అడిగాడు కూడా. సింధూజకు మండింది. సీటు పోయిందని కాదు, ఆ బాధ తర్వాత. కళ్లు తుడిచిన ఆ జేబురుమాలు గుర్తొచ్చి ఒళ్లంతా కంపరమెత్తింది. లోచో తను తినడట, ఆకలి లేదట! నమ్మించి గొంతు కొయ్యడమంటే ఏమిటో ఎవరో ఎవరికో చేసినప్పుడు వినడమే గానీ, అది ఇంత మెత్తగా, ఇంత ప్రేమగా జరుగుతుందని ఆమెకు తెలియదు.

మెట్ల మీద కూర్చుని బరోడాకు ఫోన్ చేసింది. ఆఫీసులో ఒకావిడ ఎత్తింది. సింధూజ గుజరాతీలో పేరు చెప్పగానే గుర్తుపట్టి, అక్కడి అలవాటు ప్రకారం బెన్, అంటే చెల్లీ, అని పిలిచింది.

"ఆఁ, పదకొండో ర్యాంకు కదా. మేం రెండు మెసేజీలు పంపాం బెన్, జవాబు లేకపోతే ఫోన్ కూడా చేశాం. మీ అన్నగారు మాట్లాడారు. నీకు పెళ్లి కుదిరి అయిపోయిందని, రావని చెప్పారు. నీ సీటు తర్వాతివాళ్లకు ఇచ్చేశాం. పెళ్లికి శుభాకాంక్షలు."

 తనకు పెళ్లి కాలేదని సింధూజ రెండుసార్లు చెప్పింది.  అవతలావిడ గొంతు తగ్గించి, ఈ ఏడు ఇక చేయగలిగింది లేదు గానీ పరీక్ష మార్కులు వచ్చే ఏడుకు కూడా చెల్లుతాయని చెప్పింది. ఈ నెలాఖరులోగా సైటులోకి వెళ్లి, సీటు వచ్చే ఏడు తీసుకుంటానని రాస్తే చాలు, మళ్లీ పరీక్ష అక్కర్లేదు.

"ముందు నీ ఫోన్ నంబరు మార్చుకో బెన్," అంది చివర్లో. "ఇక్కడ ఫారంలో ఉన్నది మీ అన్నగారి నంబరు. అది అక్కడుంటే మేం ఏం పంపినా ఆయనకే వస్తుంది."

నిజమే. ఆధార్ నుంచి రేషన్ కార్డు దాకా, బాపు బ్యాంకు నుంచి అవ్వ రాజమ్మ దవాఖానా చీటీ దాకా ఆ ఇంట్లో అన్ని ఫారాల్లోనూ ఉన్నది రవీంద్ర నంబరే. వాళ్లలాంటి ఇళ్లన్నిట్లోనూ అంతే, చదువొచ్చిన మొదటి కొడుకు ఫోనే ఇంటిల్లిపాది ఫోను. అది తప్పని ఎవరికీ తోచదు.

ఒంటిగంటకు రవీంద్ర అన్నానికి వచ్చాడు. వాన నీళ్లు కారుతున్న చొక్కా తీసి తీగ మీద వేసి, ఫోన్ బల్ల మీద పెట్టి, కాళ్లు కడుక్కోబోయాడు.

"బరోడా కాలేజీ బల్ల కింద దొరికింది," అంది సింధూజ, మెల్లగానే.

రవీంద్ర చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. "ఎవలు జెప్పిండ్రు?" అన్నాడు. ఏ కాలేజీ అనలేదు, ఏం మాట్లాడుతున్నవ్ అనలేదు.

"ఎవలు జెప్పలె. నువ్వు చేర్పిచ్చిన క్లాసుల నేర్పిండ్రు. నాలుగు లైన్లు."

రాజమ్మ కత్తెర ఆపి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఏమైందని అడిగింది. సింధూజ చెప్పింది. పేరు వచ్చిందని, అన్న తుడిచేశాడని, పెళ్లయిందని కాలేజీకి చెప్పాడని. మూడూ గుసగుసగానే చెప్పింది. తెర వెనక నిద్ర చెడకుండా కొట్లాడటం ఆ ఇంట్లో అందరికీ అలవాటే.

"పెండ్లయిందని జెప్పినవా?" అంది రాజమ్మ కొడుకుతో.

రవీంద్ర గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "రెండు వందల ఇండ్లున్నయ్ అవ్వా. ఏ వైరు ఏడికి పోతదో అంత దీని నెత్తిలనే ఉన్నది. నాకేం తెలుసు? ఇది బరోడా పోయినంక లైను పడితె గల్లీల నన్ను చెప్పులతోని కొడుతరు. ఇరవై ఆరేండ్లు కష్టపడ్డ బాపును సాంచాల కాడికెళ్లి తీస్క రావాల్నంటె ఈ నెట్ నడువాలె గద." చెల్లెలి వైపు చూడకుండానే అన్నాడు. "ఒక్క ఏడాది నువ్వుంటె నేర్సుకుందుననుకున్న. వచ్చేయేడు నేనే పంపుదును. ఒట్టు."

"అడగకపోతివి," అంది సింధూజ. "ఒక్క ఏడాది ఆగు చెల్లె అంటె ఆగకపోదునా? నువ్వు అడిగితె నేను ఎప్పుడన్న లేదన్ననా?"

 ఆ మాట నిజమని ముగ్గురికీ తెలుసు. అడిగి ఉంటే ఆగేది, ఏడుస్తూ ఆగేది, అయినా ఆగేది. అడగడానికి నామోషీ పడి ఆమెను ఓడించాడు, ఓడించి ఓదార్చాడు.

రాజమ్మ నిట్టూర్చి కత్తెర మళ్లీ చేతిలోకి తీసుకుంది. "అయిందేదో అయింది. వాడు చేసింది తప్పే. అయినా ఇంట్లనే ఉంటివి, కండ్ల ముంగట ఉంటివి, ఒక లెక్కన మంచిదే ఆయె. అన్నం తినుండ్రి. మెల్లగ, బాపు లేస్తడు."

మంచిదే అయిందట. అన్న చేసిన దానికి మండింది గానీ, ఈ మాటకు సింధూజ లోపల ఏదో చల్లబడిపోయింది. ఇంత జరిగాక కూడా తను గొంతు తగ్గించే మాట్లాడుతోందని అప్పుడు తట్టింది. లేచి వెళ్లి తెర పక్కకు లాగింది.

"బాపూ, లే," అని భుజం పట్టి ఊపింది.

రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషిని పగటిపూట లేపడం ఆ ఇంట్లో అంతవరకు జరగలేదు. ముత్యం ఎవరో పోయారనుకుని గాభరాగా లేచి కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్ల సాంచాల చప్పుడుకు ఆయన చెవులు సగం పోయాయి. ఆయనకు వినబడేట్టు చెబితే పక్క మేడకు కూడా వినబడుతుంది. వినబడనీ అనుకుని సింధూజ మొత్తం గట్టిగా చెప్పింది. 

ముత్యం అంతా విన్నాడు. కొడుకును తిట్టలేదు, చెయ్యెత్తలేదు. ఎర్రటి కళ్లతో అతని వైపు తిరిగాడు.

"మొన్న కార్ఖానా కాయితం దెస్తె నువ్వే సదివి జెప్పినవ్," అన్నాడు. "నేను ఏలుముద్ర ఏసిన. అండ్ల ఏమున్నది?"

"బాపు, గది ఉన్నదున్నట్టు సదివిన. అబద్ధం లేదు."

"గది గూడ నువ్వే జెప్తున్నవ్ గద," అన్నాడు ముత్యం.

రవీంద్ర తల వంచుకున్నాడు. తండ్రి కొట్టి ఉంటే ఇంత బాధపడేవాడు కాదేమో. బయట వాన పెద్దదైంది.

సింధూజ బల్ల ముందు కూర్చుంది. పెద్ద డబ్బాలో బరోడా పేరుకు అన్న పెట్టిన ఐదో నంబరును తుడిచేసింది. నాలుగు వరుసల ప్రోగ్రాం మళ్లీ నడిపింది. ఈసారి నూట మూడుతో మొదలయ్యే నంబరు వచ్చింది, పుస్తకంలో రాసుకున్నదానితో అంకె అంకె సరిపోయింది. అప్పుడు కాలేజీ సైటు తెరిచి, ఫోన్ నంబరు మార్చుకునే చోట తన నంబరు కొట్టింది. పాత నంబరుకు ఆరంకెలు పంపాం, అవి ఇక్కడ కొట్టండి అని వచ్చింది.

బల్ల మీది రవీంద్ర ఫోన్ గుర్రుమంది. అతను గబుక్కున లేచి వచ్చి తీసుకున్నాడు. ఏదో ఒకటి చేయడానికి అవకాశం దొరికినట్టు, ఎప్పటిలాగే చెల్లెలి కుర్చీ వెనక నిలబడి పైకి చదవసాగాడు.

"నాలుగు... సున్నా... తొమ్మిది..."

సింధూజ వేళ్లు కదల్లేదు. ఇన్నేళ్లలో అతను వెనక నుంచి ఏ అంకె చదివితే ఆ అంకె కొట్టింది. తలెత్తి చూసిన పాపాన పోలేదు. కుర్చీలోనే వెనక్కి తిరిగి చెయ్యి చాపింది.

"సదవకు," అంది. "ఫోన్ ఇటియ్యి. నేను చూసుకుంట."